అడ్రినల్ కార్టెక్స్ సెల్స్ తెప్పించుకునే ముందు: హెచ్295ఆర్, హెచ్ఏసీ15, ఎస్‌డబ్ల్యూ-13, ప్రైమరీ సెల్స్‌లో ఏవి ఎవరికి?

మూడేళ్ల కిందట మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పీహెచ్‌డీ అమ్మాయి ఒకరు కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథి బయటి భాగం, అంటే కార్టెక్స్, చేసే కార్టిజాల్ హార్మోన్‌ను కొలవడానికి రెండు నెలలపాటు ఎలైజా పరీక్షలు పెట్టింది. ప్రతిసారీ సున్నానే. కిట్ మార్చింది, సెల్స్‌ను హార్మోన్ చేయమని రేపే ఫోర్‌స్కోలిన్ డోసు పెంచింది, మీడియా కొత్తది కలిపింది. చివరికి "అక్కా, నా ప్లేటు ఒకసారి చూస్తారా?" అని వచ్చింది. ప్లేటు దాకా వెళ్లనక్కర్లేకపోయింది. ఫ్లాస్క్ మీద మార్కర్‌తో రాసిన పేరు చూడగానే అర్థమైంది: ఎస్‌డబ్ల్యూ-13. పక్క ల్యాబ్ వాళ్లు "మా దగ్గర మనిషి అడ్రినల్ కార్టెక్స్ సెల్స్ ఉన్నాయి, పట్టుకెళ్లండి" అన్నారట. వాళ్లు చెప్పింది అబద్ధమేమీ కాదు, కేటలాగ్‌లోనూ అదే రాసి ఉంటుంది. కాకపోతే ఆ సెల్స్ స్టెరాయిడ్ హార్మోన్లు చేయవు. అంతే.

ఆ తర్వాత ఎవరు "ఏ సెల్స్ కొనమంటారు?" అని అడిగినా నేను ఎదురు ప్రశ్నే వేస్తున్నాను. మీ ప్రయోగం చివర ఏ అంకె కొలవబోతున్నారు? కార్టిజాలా, ఆల్డోస్టిరానా, టెస్టోస్టిరానా, లేక ఎన్ని సెల్స్ చచ్చాయన్న లెక్కా? ఆ హార్మోన్‌ను దేనితో రేపబోతున్నారు? ఈ రెండూ తేలితే ఎంపిక ముక్కాలు వంతు అయిపోయినట్టే.

కార్టెక్స్‌లో మూడు పొరలన్నది పాఠ్యపుస్తకంలో చదివిందే. పై పొర గ్లోమెరులోసా ఆల్డోస్టిరాన్ చేస్తుంది, యాంజియోటెన్సిన్ 2 మాటా పొటాషియం మాటా వింటుంది. మధ్యలోని ఫాసిక్యులేటా కార్టిజాల్ చేస్తుంది, అది పిట్యూటరీ పంపే ఏసీటీహెచ్ అదుపులో ఉంటుంది. లోపలి రెటిక్యులారిస్ నుంచి ఆండ్రోజెన్లకు (మగ హార్మోన్లకు) ముడిసరుకైన డీహెచ్ఈఏ, దాని సల్ఫేట్ వస్తాయి. ఎలుకల అడ్రినల్‌లో సీవైపీ17 ఎంజైమ్ ఉండదు. కాబట్టి అవి కార్టిజాల్‌కు బదులు కార్టికోస్టిరాన్ చేస్తాయి, మనిషిలోలా ఆండ్రోజెన్ల ముడిసరుకు చేసే రెటిక్యులారిస్ పొర వాటికి లేదు. మనిషి సెల్స్ కోసం ఇంత తంటాలు పడేది ఇందుకే. ఆ మనిషి సెల్స్ కూడా బోలెడు రకాలు లేవు. అడ్రినల్ కార్టెక్స్ క్యాన్సర్ ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వచ్చే జబ్బు. దాని నుంచి ల్యాబ్‌లో నిలదొక్కుకున్న లైన్లు (ఆగకుండా పెరుగుతూ పోయే సెల్స్ వంశాలు) వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

హెచ్295ఆర్: ఎక్కువమందికి సరిపోయేది ఇదే

1980లో 48 ఏళ్ల మహిళకు వచ్చిన అడ్రినల్ క్యాన్సర్ నుంచి ఎన్‌సీఐ-హెచ్295 లైన్ మొదలైంది. దాని వివరాలు అచ్చయింది 1990లో. ఆ మూల లైన్ మీడియాలో గుంపులుగా తేలుతూ నత్తనడకన పెరిగేది. విలియం రైనీ బృందం అందులోంచి ఫ్లాస్క్ అడుగుకు అంటుకునేవాటిని, కాస్త చురుగ్గా పెరిగేవాటిని ఏరి హెచ్295ఆర్‌ను తయారుచేసింది. సెల్స్ దాచి అమ్మే అమెరికా సంస్థ ఏటీసీసీలో దాని నంబరు సీఆర్ఎల్-2128.

దీని గొప్పతనం ఏమిటంటే, కొలెస్ట్రాల్ నుంచి కార్టిజాల్, ఆల్డోస్టిరాన్, ఆండ్రోజెన్ల దాకా కావాల్సిన ఎంజైములన్నీ ఒకే సెల్‌లో ఉంటాయి. కొంచెం ఈస్ట్రడయాల్ కూడా చేస్తుంది. దీనితో వచ్చే తలనొప్పీ ఇదే. మామూలు గ్రంథిలో ఏ సెల్ కూడా మూడు పొరల పనీ చేయదు. అందువల్ల హెచ్295ఆర్ డేటా చూపించి "ఫాసిక్యులేటాలో ఇలా జరుగుతుంది" అని రాస్తే రివ్యూయర్ పట్టుకుంటాడు, పట్టుకోవాలి కూడా. పైగా ఇందులో బీటా-కెటెనిన్ జన్యువులో ఎస్45పీ మ్యుటేషన్ ఉంది, కణితులను అడ్డుకునే పీ53 జన్యువు పోయింది. కణ విభజన మీదో, బీటా-కెటెనిన్ ద్వారా నడిచే డబ్ల్యూఎన్‌టీ సిగ్నలింగ్ మీదో పనిచేసేవాళ్లు ఈ రెండు సంగతులూ గోడ మీద రాసి పెట్టుకోవాలి.

చాలామంది బోల్తా పడేది ఏసీటీహెచ్ దగ్గర. దాని రిసెప్టార్ ఎంసీ2ఆర్ ఈ సెల్స్‌లో చాలా తక్కువ. ఏసీటీహెచ్ పోసి ఏమీ రాలేదని ఫ్లాస్కులకు ఫ్లాస్కులు బ్లీచ్‌లో పారబోసినవాళ్లు నాకు తెలుసు. రిసెప్టార్‌తో పనిలేకుండా సెల్ లోపల సందేశం మోసే సైక్లిక్ ఏఎంపీని నేరుగా పెంచే ఫోర్‌స్కోలిన్ 10 మైక్రోమోలార్ వేస్తే అదే సెల్ లేచి కూర్చుంటుంది. యాంజియోటెన్సిన్ 2కూ, పొటాషియంకూ మాత్రం బాగానే స్పందిస్తుంది. ఆల్డోస్టిరాన్ పని చేసేవాళ్లు దీన్ని ఇంతగా నమ్ముకోవడానికి కారణం అదే. 2011లో పొటాషియం చానల్ జన్యువు కేసీఎన్‌జే5లో మ్యుటేషన్లకూ ఆల్డోస్టిరాన్ కణితులకూ సంబంధం బయటపడ్డాక, ఆ మ్యుటేషన్ పెట్టిన జన్యువును ఎక్కించి చూడటానికి చాలా ల్యాబులు అందుకున్నది ఈ సెల్‌నూ, దీని సంతానాన్నీ.

పెంపకం గురించి కేటలాగ్ చెప్పనివి రెండు మూడు ఉన్నాయి. ఈ సెల్స్ ద్వీపాల్లా గుంపులు కట్టి పెరుగుతాయి. పల్చగా వేస్తే అలిగి కూర్చుంటాయి, వారమైనా కదలవు. ట్రిప్సిన్‌లో తొందరపడి గట్టిగా పిపెట్ చేస్తే విడిపోవడానికి బదులు ముద్దలు కడతాయి, ఆ ముద్దలతో వెల్ వెల్‌కూ లెక్క తేడా వస్తుంది. రెట్టింపు కావడానికి రెండు రోజులకు పైనే పడుతుంది. సోమవారం వయల్ (ఫ్రీజ్ చేసిన సెల్స్ ఉన్న చిన్న సీసా) కరిగించి శుక్రవారానికి ప్రయోగం అనుకునేవాళ్లకు ఇది కుదరదు.

సీరం ఇంకో గొడవ. ఏటీసీసీ చెప్పేది డీఎంఈఎం-ఎఫ్12లో ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం మిశ్రమం, దానితో 2.5 శాతం నూ-సీరం. కొన్ని ల్యాబులు నూ-సీరం బదులు అల్ట్రోసర్ జీ, ఇంకొన్ని కాస్మిక్ కాఫ్ సీరం వాడుతూ వచ్చాయి. అలా పెరిగిన సెల్స్ కాలక్రమంలో తలో తీరుగా మారి ఎస్1, ఎస్2, ఎస్3 అని మూడు ఉపశాఖలే ఏర్పడ్డాయి. ఒకే తల్లి బిడ్డలు మూడు ఊళ్లలో పెరిగినట్టన్నమాట. అందుకని ఒక పేపర్‌లోని డోసు చూసి మీ ల్యాబ్‌లో అదే అంకె రావాలనుకునే ముందు వాళ్లు ఏ సీరంలో పెంచారో చూడండి. నూ-సీరంలోనే కొన్ని స్టెరాయిడ్ హార్మోన్లు కలిపి ఉంటాయి కాబట్టి సెల్స్ లేని ఖాళీ మీడియాను కూడా ఎలైజాలో పెట్టి చూసుకోవాలి. కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ.

హైదరాబాద్‌లో, ముఖ్యంగా జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల టెస్టింగ్ ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు అసలు ఎంపిక అన్నదే లేదు. రసాయనాల పరీక్షలకు పద్ధతులు ఖాయం చేసే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2011లో తెచ్చిన టెస్ట్ గైడ్‌లైన్ 456 హెచ్295ఆర్ పేరు పెట్టి మరీ రాసింది. యూరప్‌లో పురుగుమందులకు ఎండోక్రైన్ డిస్రప్టర్ (హార్మోన్ల పనిని చెడగొట్టే రసాయనాల) నిబంధనలు 2018 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి అక్కడికి మందులు పంపే కంపెనీలకు ఈ పరీక్ష డేటా అవసరం పడుతోంది. పద్ధతి ఇలా ఉంటుంది: 24 వెల్స్ ప్లేట్, రసాయనంతో 48 గంటలు, చివర టెస్టోస్టిరాన్, ఈస్ట్రడయాల్ కొలత. ప్రతిసారీ పక్కన ఒక నాణ్యత ప్లేట్ నడవాలి, అందులో ఫోర్‌స్కోలిన్ హార్మోన్‌ను పెంచాలి, ప్రోక్లోరాజ్ తగ్గించాలి. బతికున్న సెల్స్ 80 శాతం కంటే తగ్గిన డోసు లెక్కలోకి రాదు. పాసేజ్ (సెల్స్‌ను కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చే ఒక్కో విడత) విషయంలో పట్టింపు ఎక్కువ. వయల్ కరిగించాక కనీసం నాలుగు పాసేజులు నడిచాకే పరీక్షకు వాడాలి, పది దాటాక వాడకూడదు. పరీక్షలు చేయని మామూలు పరిశోధన ల్యాబులు కూడా ఈ నాలుగు-పది లెక్క పాటిస్తే బాగుంటుందని నా అభిప్రాయం. ముప్పయ్యో పాసేజ్‌లో వచ్చిన కార్టిజాల్ ఐదో పాసేజ్‌లో వచ్చినదానితో సరిపోలనప్పుడు వెతకాల్సింది మందులో కాదు, నైట్రోజన్ ట్యాంకులోని వయళ్ల పట్టికలో.

ఏసీటీహెచ్ తప్పనిసరైతే హెచ్ఏసీ15

ఏసీటీహెచ్‌తోనే పని ఉందనుకుంటే హెచ్ఏసీ15 చూడండి. ఏసీటీహెచ్, యాంజియోటెన్సిన్, పొటాషియం మూడింటికీ స్పందించే లైన్‌గా దీని గురించి 2008లో వచ్చింది. కథ ఏమిటంటే, మొదట ఇది వేరే రోగి కణితి నుంచి వచ్చిన కొత్త లైన్ అనుకున్నారు. తర్వాత జన్యు పరీక్షలో హెచ్295ఆర్ సంతానమేనని తేలింది. పనితీరు మంచిదే కాబట్టి వాడకం ఆగలేదు. అయితే "రెండు వేర్వేరు లైన్లలో ఇదే ఫలితం వచ్చింది" అని చెప్పుకోవడానికి హెచ్295ఆర్ పక్కన హెచ్ఏసీ15 పెడితే కుదరదు. అది ఒకే మనిషిని రెండు చొక్కాల్లో చూపించడం.

ఎస్‌డబ్ల్యూ-13 ఎందుకు, ఎందుకు కాదు

వట్టిగొడ్డుకు అరుపులెక్కువ అంటారు. ఎస్‌డబ్ల్యూ-13 వేగంగా పెరుగుతుంది, చక్కగా అంటుకుంటుంది, ట్రాన్స్‌ఫెక్షన్ (బయటి జన్యువును ఎక్కించడం) తీసుకుంటుంది, హార్మోన్ మాత్రం సున్నా. 55 ఏళ్ల మహిళ అడ్రినల్‌లోని చిన్నకణ క్యాన్సర్ నుంచి 1970ల్లో వచ్చిన లైన్ ఇది. ఆ కణితి అసలు అడ్రినల్‌లో పుట్టిందా, వేరేచోటి నుంచి అక్కడికి పాకిందా అన్న అనుమానం ఇప్పటికీ తీరలేదు. అలాగని పనికిరాని సరుకేమీ కాదు. వైమెంటిన్ ప్రోటీన్ ఉన్న రకమూ లేని రకమూ ఇందులో రెండూ ఉండటం వల్ల సెల్ లోపలి అస్థిపంజరం (సైటోస్కెలిటన్) మీద పనిచేసేవాళ్లకు బంగారం. హార్మోన్ చేయని అడ్రినల్ క్యాన్సర్‌కు ఉదాహరణగా, మందు విషప్రభావం హార్మోన్ తయారీ వల్లా కాదా అని తేల్చడానికి జోడీగా కూడా పనికొస్తుంది.

దీన్ని ఎల్-15 మీడియాలో పెంచుతారు. అందులో బైకార్బొనేట్ ఉండదు. అలవాటు కొద్దీ మూత వదులు చేసి కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో పెట్టేస్తే మర్నాటికి మీడియా నిమ్మరసం రంగులోకి తిరుగుతుంది. మూత బిగించి, కార్బన్ డయాక్సైడ్ లేని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టుకోవాలి.

క్యాన్సర్ మందుల పరిశోధన చేసేవాళ్లకు ఈ మధ్య కొన్నేళ్లలో పరిస్థితి మెరుగైంది. మ్యూనిక్ నుంచి ఎంయూసీ-1, కొలరాడో యూనివర్సిటీ నుంచి సీయూ-ఏసీసీ1, సీయూ-ఏసీసీ2 వచ్చాయి. వీటిలో సీయూ-ఏసీసీ2 లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే జబ్బు) ఉన్న రోగిది, ఎంయూసీ-1 మామూలు కీమోథెరపీకి లొంగని రకం. హెచ్295ఆర్ ఒక్కదానిలో పనిచేసిన మందును క్యాన్సర్ మందు అనడానికి ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. ఇవి సాధారణంగా కేటలాగ్‌లో డబ్బు కట్టి కొనే సరుకు కాదు. ఆ ల్యాబులకు రాసి, మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ సంతకాలయ్యే దాకా ఓపిక పట్టాలి. అడ్రినల్ క్యాన్సర్ మందు మైటోటేన్ వాడేవాళ్లకు ఒక చిన్న మాట: ఆ మందు సీరంలోని లైపోప్రోటీన్లకు అంటుకుపోతుంది. సీరం శాతం మారితే డోసు కూడా మారినట్టే లెక్క.

ప్రైమరీ సెల్స్: అసలు సరుకు, అసలు ఖర్చు

"మాకు క్యాన్సర్ సెల్స్ వద్దు, అసలైనవే కావాలి" అనేవాళ్లు గ్రంథి నుంచి నేరుగా తీసిన ప్రైమరీ సెల్స్ వైపు చూస్తారు. ఆలోచన మంచిదే. ఒక్కసారి తాజా గ్రంథిని చూస్తే ఎందుకు మంచిదో తెలుస్తుంది. కొవ్వు ఒలిచి, మధ్యలోని గోధుమరంగు మెడుల్లాను గీకేస్తే మిగిలే కార్టెక్స్ పసుపు పచ్చగా ఉంటుంది. ఆ రంగు కొలెస్ట్రాల్ ఎస్టర్లది. కొలాజినేజ్‌లో అరిగించి మైక్రోస్కోప్ కింద పెడితే ప్రతి సెల్‌లోనూ మెరిసే కొవ్వు చుక్కలు కిక్కిరిసి కనబడతాయి. ఏసీటీహెచ్‌కు గట్టిగా స్పందించే సెల్స్ ఇవి.

తర్వాతి కథే కష్టం. ప్లాస్టిక్ మీద రోజులు గడిచేకొద్దీ కొవ్వు చుక్కలు పల్చబడతాయి, ఎంజైములు తగ్గుతాయి, ముఖ్యంగా సీవైపీ17. ఈలోగా ఎక్కడో నక్కిన ఫైబ్రోబ్లాస్టులు గడ్డిలా కమ్ముకుంటాయి. మూడో పాసేజ్‌లో మీరు కొలుస్తున్నది అడ్రినల్ సెల్స్‌నా, ఫైబ్రోబ్లాస్టులనా అన్న సందేహం వస్తే ఆ సందేహం న్యాయమైనదే. వీటితో ప్రయోగమంటే మొదటి వారంలోనే, మొదటి ఒకటి రెండు పాసేజుల్లోనే ముగించాలి.

ఫ్రీజ్ చేసిన వయల్ కొంటుంటే ఆర్డర్ పెట్టే ముందే అమ్మేవాళ్లకు మెయిల్ రాయండి. నేను మొదట అడిగేది దాత వయసు. గర్భస్థ శిశువు అడ్రినల్‌లో ఎక్కువ భాగం ఫీటల్ జోన్. అందులో 3-బీటా-హెచ్‌ఎస్‌డీ ఎంజైమ్ చాలా తక్కువ, కాబట్టి ప్రధానంగా వచ్చేది డీహెచ్ఈఏ సల్ఫేట్. కార్టిజాల్ ప్రయోగానికి అలాంటి వయల్ కొంటే ఎస్‌డబ్ల్యూ-13 కథే కొంచెం ఖరీదుగా మళ్లీ జరుగుతుంది. పెద్దవాళ్లదైతే గ్రంథి ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. కిడ్నీ తీసేసిన ఆపరేషన్‌లో వచ్చిందా, బ్రెయిన్ డెడ్ అయిన అవయవదాతదా? అవయవదాతలకు చాలాచోట్ల పెద్ద డోసులో మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇస్తారు, ఐసీయూలో ఎటోమిడేట్ అనే మత్తుమందు ఇచ్చి ఉండొచ్చు. ఎటోమిడేట్ సూటిగా కార్టిజాల్ తయారీలోని ఆఖరి ఎంజైమ్ 11-బీటా-హైడ్రాక్సిలేజ్‌నే ఆపుతుంది. ఇవన్నీ సెల్ మీద ముద్ర వేస్తాయి. తర్వాత అడగాల్సింది ఏ పాసేజ్‌లో ఫ్రీజ్ చేశారన్నది. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ లాట్ హార్మోన్ చేసిందన్న డేటా ఉందా? "అడ్రినల్ నుంచి తీసినవి" అన్న సర్టిఫికెట్ వేరు, "కార్టిజాల్ చేశాయి" అన్న గ్రాఫ్ వేరు. రెండోది ఇవ్వలేనివాళ్ల దగ్గర నేనైతే కొనను.

ఆసుపత్రి నుంచి టిష్యూ మీరే తెచ్చుకునేట్టయితే ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి అంగీకార పత్రం ముందే ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో మిగులు టిష్యూ సంగతి కూడా ఉంది. సర్జన్‌తో స్నేహం ఉంది కదా అని కాగితాలు తర్వాత చూసుకుందామంటే పేపర్ పంపే రోజున ఇరుక్కుంటారు. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు అయినా కాకపోయినా మనిషి టిష్యూను బయోసేఫ్టీ రెండో స్థాయిలోనే తెరవాలి.

మనిషివి కానివి, మనిషివే అయినా కొత్తవి

ఎలుక కణితి నుంచి 1966లో వచ్చిన వై1 ఏసీటీహెచ్‌కు బాగా స్పందిస్తుంది. హార్మోన్ వేసిన కొద్దిసేపటికే పరుచుకుని ఉన్న సెల్స్ ముడుచుకుని గుండ్రంగా మారడం కళ్లారా చూడొచ్చు. కానీ దీనికి 21-హైడ్రాక్సిలేజ్ లేదు. కార్టిజాల్ సరే, కార్టికోస్టిరాన్ కూడా రాదు. సిగ్నలింగ్ చూసేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అనవసరం. కబేళా నుంచి తెచ్చిన పశువుల గ్రంథిలోని సెల్స్ కార్టిజాల్ చేస్తాయి, ఏసీటీహెచ్‌కు లొంగుతాయి, ఒక్క గ్రంథి నుంచే బోలెడు వస్తాయి. చేయి తిరగడానికి, మనిషి టిష్యూ వచ్చే రోజుకు ముందు రిహార్సల్‌కు ఇవి చాలా మంచివి.

వేరే సెల్స్‌ను అడ్రినల్ సెల్స్‌లా మార్చుకునే దారి ఆశ పుట్టించేదే. ఎస్ఎఫ్-1 అనే జన్యువును బలవంతంగా పనిచేయించి చర్మం, రక్తం, ఆఖరికి మూత్రంలో దొరికే సెల్స్‌ను కూడా కార్టిజాల్ చేసేవాటిగా మార్చొచ్చని 2018లో చూపించారు. పుట్టుకతో అడ్రినల్ ఎంజైమ్ లోపం ఉన్న రోగి సెల్స్‌తోనే ఆ రోగి జబ్బును ల్యాబ్‌లో చూడాలనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి దారి లేదు. మందుల స్క్రీనింగ్ కోసమైతే వద్దు. ఒక్కో బ్యాచ్ ఒక్కో తీరు.

కొలత కూడా ఎంపికలో భాగమే

ఫోర్‌స్కోలిన్ వేయని హెచ్295ఆర్‌లో ఆండ్రోస్టెన్‌డయోన్, కార్టిజాల్‌కు ముందు మెట్టైన 11-డీఆక్సీకార్టిజాల్ ఎక్కువగా, కార్టిజాల్ తక్కువగా ఉంటుంది. చాలా కార్టిజాల్ ఎలైజాల్లోని యాంటీబాడీ ఈ 11-డీఆక్సీకార్టిజాల్‌కు కూడా కొంత అతుక్కుంటుంది. మనిషి సీరంలో ఇది పెద్ద సమస్య కాదు, అక్కడ డీఆక్సీ తక్కువ. ఈ మీడియాలో మాత్రం సమస్యే. 11-బీటా-హైడ్రాక్సిలేజ్‌ను ఆపే మెటిరపోన్‌లాంటి మందు వేశారనుకోండి, కార్టిజాల్ పడిపోతుంది, డీఆక్సీ పేరుకుంటుంది, ఎలైజా మాత్రం "పెద్దగా తగ్గలేదు" అని చెప్పొచ్చు. కిట్ కాగితంలో క్రాస్-రియాక్టివిటీ పట్టిక చూడకుండా కొనొద్దు. ఎంజైమ్ నిరోధకాల పనైతే మొదటి నుంచే ఎల్‌సీ-ఎంఎస్ (ఒక్కో హార్మోన్‌ను విడదీసి బరువును బట్టి గుర్తించి కొలిచే పద్ధతి) బడ్జెట్ పెట్టుకోండి.

ఇక నన్నే ఎంచమంటే: రసాయనాల పరీక్ష, ఆల్డోస్టిరాన్, ఎంజైమ్ నిరోధకాలు అయితే హెచ్295ఆర్. ఏసీటీహెచ్ ఉంటే హెచ్ఏసీ15. క్యాన్సర్ మందు అయితే హెచ్295ఆర్‌తో పాటు ఎంయూసీ-1 గానీ సీయూ లైన్లు గానీ, హార్మోన్ చేయని జోడీగా ఎస్‌డబ్ల్యూ-13. ప్రైమరీ సెల్స్‌తో ప్రాజెక్టు మొదలుపెట్టను. లైన్‌లో తేలిన ఒకటి రెండు ముఖ్య ఫలితాలను ఇద్దరు ముగ్గురు దాతల సెల్స్‌లో సరిచూడటానికి దాచుకుంటాను. గ్రాంట్ చిన్నదైతే ఆ డబ్బును ప్రైమరీ వయళ్ల మీద కంటే ఎల్‌సీ-ఎంఎస్ మీద పెడతాను. దీనికి ఒప్పుకోని సీనియర్లు ఉన్నారు, ఉండనీండి.

ఏది తెచ్చినా, పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకున్నదైనా సరే, వచ్చిన వారంలోనే సెల్స్ ఎవరివో తేల్చే ఎస్‌టీఆర్ ప్రొఫైల్, సెల్స్‌లో కనబడకుండా దాగే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష చేయించి, తక్కువ పాసేజ్‌లోనే పది పదిహేను వయళ్లు నైట్రోజన్‌లో దాచండి. తర్వాత ఏ మందూ వేయకముందే ఒక ఫోర్‌స్కోలిన్ ప్లేట్.

ఆ అమ్మాయికి మేం చేయించిందీ అదే. హెచ్295ఆర్ వయల్ తెప్పించి, నాలుగు పాసేజులు ఆగి, ఫోర్‌స్కోలిన్ వేసి 48 గంటలకు మీడియా తీసింది. ఈసారి రీడింగ్ స్టాండర్డ్ కర్వ్ దాటి పైకి పోయింది. 20 రెట్లు పల్చన చేసి మళ్లీ పెట్టింది. అందులో ఎంత కార్టిజాలో, ఎంత డీఆక్సీయో తేల్చుకోవడానికి మిగిలిన మీడియాను ఎల్‌సీ-ఎంఎస్‌కు పంపాం.